తీగెలు మోయు చేబదులు

బోరుబావి ప్రక్కనున్న మోటారు కొట్టమునందు గోడకు బిగించిన స్టార్టరు పెట్టెను ఎరుగని రైతు మన పల్లెలలో లేడు. ఆ స్టార్టరు క్రింద, చేతికి ఇమిడెడి డబ్బా యొకటి, లోపల నేమున్నదో పైకి తెలియనీయక, మూడు తీగెలతో అంటిపెట్టుకొని యుండుట కొన్ని చోట్ల కానవచ్చును. మరికొన్ని చోట్ల ఆ తీగెలు తెగియో, డబ్బా ఉబ్బి పాడైపోయియో, లేక మొదటినుండియు దానిని తగిలింపకయో యుండును. దానిని కెపాసిటరని ఇంజనీర్లును, కండెన్సరని ఊరి ఎలక్ట్రీషియన్లును పిలుతురు. అది లేకున్నను మోటారు తిరుగును, కాలువలో నీరు పారును, చేను పండును. అందుచేతనే అది ఎందుకు కావలెనని అడుగువారు తక్కువ. చెప్పువారు అంతకంటెను తక్కువ. ఇన్నేండ్లుగా అది రైతు చెంతకు ఒక ఉత్తరువుగా చేరినదే కాని, ఒక జ్ఞానముగా చేరలేదు. ఆ డబ్బా వెనుక నిలిచియున్న శాస్త్రము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో ఐరోపా, అమెరికా ఖండముల విద్యుత్ శిల్పులను చాలకాలము కలవరపెట్టినది. అయినను ఓర్పుతో చెప్పినచో ఊరిలో ఎవ్వరికిని అందరాని దేమియు అందులో లేదని నా గట్టి నమ్మకము.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు ఏకాంతర ప్రవాహము. అనగా అది సెకనునకు 50 ఆవృత్తములు పూర్తిచేయుచు, ఒక దిశ నుండి దాని యెదురు దిశకు మరలుచు, మరల మొదటి దిశకు వచ్చుచుండును. 230 వోల్టులని మనము వాడుకగా చెప్పుకొనునది, వేడి పుట్టించుటలో దానికి గల ప్రభావమును బట్టి కట్టిన యొకవిధమైన సగటు. నిజమునకు ఆ వోల్టేజి ప్రతి ఆవృత్తమునందును ఇటు నొకసారి అటు నొకసారి సుమారు 325 వోల్టుల శిఖరమునకు ఎక్కి దిగుచు, సెకనునకు నూరు మారులు శూన్యమును దాటుచుండును. ఏకముఖ ప్రవాహమునందైనచో వోల్టులను ఆంపియర్లతో హెచ్చించినంతనే వాట్లు తేలును, లెక్క ముగియును. ఎక్కుచు దిగుచు దిశ మార్చుచు నుండు ఈ ప్రవాహమునందు మాత్రము ఆ హెచ్చవేత చాలదు. ఏ క్షణమున వోల్టేజి ఎంత, అదే క్షణమున ప్రవాహమెంత అని రెండింటిని జంటగా చూడవలెను. అవి రెండును కలిసి నడచుచున్నవా, ఒకటి ముందు ఒకటి వెనుకగా నడచుచున్నవా అనునదే ఇచ్చట సర్వస్వము.

ఇస్త్రీపెట్టెను తీసికొందము. దాని లోపలి తీగె శుద్ధమైన నిరోధము. వోల్టేజి పెరిగిన క్షణముననే ప్రవాహమును పెరుగును, తగ్గిన క్షణముననే తగ్గును, దిశ మారిన క్షణముననే దిశ మారును. రెండును ఒకేసారి ధనములై, ఒకేసారి ఋణములగుటచేత వాని లబ్ధము ఎన్నడును ఋణము కానేరదు. కనుక ఇస్త్రీపెట్టె పుచ్చుకొనుటయే కాని తిరిగి యిచ్చుట ఎరుగదు. దానికి చేరిన ప్రతి యణుమాత్రపు శక్తియు వేడియై బట్టమీద ఖర్చగును. 1000 వాట్ల పెట్టెకు 230 వోల్టుల వద్ద నాలుగుంపాతిక ఆంపియర్లకు కొంచెము పైగా ప్రవాహము సాగును. వోల్టులను ఆంపియర్లను హెచ్చించినను ఆ వేయి వాట్లే వచ్చును. ఇచ్చట తికమక ఏమియు లేదు.

ఇక రాగితీగెను ఇనుప పలకలమీద చుట్టిన చుట్టను తీసికొందము. మోటారునకును, ట్రాన్స్‌ఫార్మరునకును, ట్యూబులైటు చోకునకును అదియే ప్రాణము. అయస్కాంత క్షేత్రము మారినపుడు తీగెలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. అట్లు పుట్టిన విద్యుత్తు తనను పుట్టించిన మార్పునే ఎదిరించునని 1834లో హైన్రిక్ లెంజ్ నియమము చేసెను. చుట్టలో ప్రవాహము పెరుగబోవగా చుట్టయే దానిని అడ్డుకొనును, తగ్గబోవగా తగ్గనీయక పట్టుకొనును. ఆ కారణమున ప్రవాహము వోల్టేజితో కలిసి నడువజాలక ఆవృత్తములో నాలుగవ వంతు వెనుకబడును. ఈ యెదిరింపునకు ప్రతిరోధమని పేరు. నిరోధమువలె ఇదియు ప్రవాహమును తగ్గించును, కాని నిరోధమువలె వేడి పుట్టింపదు. ఈ భేదమునే చక్కగా మనస్సున నిలుపుకొనవలెను. ప్రవాహము పెరుగుచున్న పాదములో చుట్ట తన చుట్టును అయస్కాంత క్షేత్రమును నిర్మించుకొనుటకై లైనునుండి శక్తిని తీసికొనును. ప్రవాహము తగ్గుచున్న పాదములో ఆ క్షేత్రము కూలి, తీసికొన్నదంతయు లైనునకే మరల చేరును. శుద్ధమైన చుట్టయే యైనచో ఆవృత్తము ముగియునప్పటికి పుచ్చుకొన్నదియు ఇచ్చినదియు సరిసమానమై, సగటున కాజేసినది శూన్యమగును.

ఇది మన ఇండ్లలోని చేబదులు వంటిది. ఇరుగింటి ఇల్లాలు ప్రొద్దున మానెడు బియ్యము తీసికొని సాయంకాలమునకు మానెడును తెచ్చి యిచ్చును. వడ్డీ లేదు, పత్రము లేదు, ఇచ్చినవారికి గింజ నష్టము లేదు. అయితే ఆ బియ్యము ఇరుగింటినుండి కాక నూరు మైళ్ల దూరమునుండి బండిమీద రావలసివచ్చి, ప్రొద్దున వచ్చి సాయంకాలము పోవలసినదైనచో, గింజ నష్టము లేకున్నను బండి చక్రములు అరుగవా, ఎడ్లు అలయవా, బాట నలుగదా? సెకనునకు నూరు మారులు తీసికొని నూరు మారులు తిరిగి యిచ్చు ఈ చేబదులు విద్యుత్కేంద్రమునుండి బావివరకును తీగెలమీదనే వచ్చి తీగెలమీదనే పోవలెను. చేబదులు తెచ్చు ప్రవాహము పని చేయదు, కాని తీగెను మాత్రము నిక్కముగా వేడెక్కించును. ఏలయన తీగె నిరోధము ముందు ప్రవాహము ప్రవాహమే, అది పని చేయునదా చేయనిదా అని తీగె విచారింపదు.

కెపాసిటరు స్వభావము దీనికి సరిగా విపరీతము. రెండు లోహపు రేకుల నడుమ పలుచని తెర యుంచి చుట్టిన ఆ వస్తువు అయస్కాంత క్షేత్రమును గాక విద్యుత్ క్షేత్రమును నింపుకొనుచు ఖాళీచేయుచు నుండును; అందు ప్రవాహము వోల్టేజికంటె పాదము ముందు నడచును. చుట్ట తీసికొనుచున్న పాదములోనే కెపాసిటరు ఇచ్చును, చుట్ట ఇచ్చు పాదములోనే కెపాసిటరు తీసికొనును. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినచో వాని చేబదులు వానిలోవానికే చెల్లిపోవును. దూరపు బండి అక్కర ఆ మేరకు తీరిపోవును. మోటారు కొట్టములోని ఆ చిన్న డబ్బా చేయు పని సంపూర్ణముగా ఇంతమాత్రమే.

లెక్క వేసి చూచిన గాని ఈ విషయమందలి సౌందర్యము తెలియదు. 30 ఓముల నిరోధమును 40 ఓముల ప్రతిరోధమును గల చుట్ట యొకటి 230 వోల్టుల లైనునకు తగిలింపబడిన దనుకొందము. ముప్పదియు నలుబదియు కలిసి డెబ్బది కావు. పాదము తేడాతో నడచుచున్న ఆ రెండును పటములో లంబముగా నిలుచును గనుక వానిని భుజకోటికర్ణ న్యాయముచేత కూడవలెను. 1150 ప్రాంతమున లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు భుజము మూడు, కోటి నాలుగు అయినచో కర్ణము ఐదని పిల్లలకు నేర్పిన పాఠమే ఇచ్చట విద్యుత్తునకు అక్కరకు వచ్చుచున్నది. మొత్తము అవరోధము 50 ఓములు, ప్రవాహము 4.6 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చించినచో 1058 వచ్చును. దానిని వాట్లనరాదు, వోల్ట్ ఆంపియర్లనవలెను. నిరోధములో నిజముగా ఖర్చగునది సుమారు 635 వాట్లు. ప్రతిరోధము నిమిత్తమై వచ్చిపోవు చేబదులు సుమారు 846. దానిని వార్ అను ప్రమాణముతో కొలుతురు. 635 భుజము, 846 కోటి, 1058 కర్ణము; పైన 30, 40, 50గా నున్న త్రిభుజమే ఇచ్చట పెద్దదై మరల దర్శనమిచ్చుచున్నది. 635ను 1058తో భాగించిన 0.6 వచ్చును, దానికి సామర్థ్య గుణకమని పేరు, వాడుకలో పవర్ ఫ్యాక్టరందురు. అదే 635 వాట్ల పనిని శుద్ధమైన నిరోధము చేసినచో 2.76 ఆంపియర్లు చాలియుండెడివి. తీగెలో వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, పని ఒక్కటే యైనను ఈ చుట్ట కారణమున లైనులో నష్టము 2.8 రెట్లగుచున్నది. ఆ చుట్టకు సమాంతరముగా 51 మైక్రోఫారడుల కెపాసిటరు నొకదానిని తగిలించినచో ఎగువ లైనులో ప్రవాహము 4.6 నుండి 2.76 ఆంపియర్లకు దిగివచ్చును. చుట్టకు మాత్రము తన 4.6 ఆంపియర్లు యథాతథముగా అందుచునే యుండును.

ఇంత సులభముగా నేడు చెప్పగలుగుట ఒక మహనీయుని చలువ. 1880 దశకములో ఏకాంతర ప్రవాహము వ్యాప్తికి వచ్చినపుడు, మీటర్లలో కానవచ్చు వోల్టులను ఆంపియర్లను హెచ్చించినచో వచ్చు సంఖ్యకును, ఆవిరియంత్రము నిజముగా అందించిన శక్తికిని పొంతన కుదరక ఇంజనీర్లు అయోమయమున పడిరి. ప్రతి లెక్కకును కలనగణితపు సమీకరణములతో పుటలు నింపవలసి వచ్చెడిది. జర్మనీలో బ్రెస్లావు పట్టణమున 1865లో పుట్టి, పుట్టుకతోనే వంగిన వెన్నుతో బాధపడి, సామ్యవాద భావముల కారణమున దేశము విడిచి 1889లో అమెరికా చేరిన చార్లెస్ ప్రొటియస్ స్టైన్‌మెట్జ్, 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో ఒక మార్గము చూపెను. నిరోధమును వాస్తవ సంఖ్యగాను, ప్రతిరోధమును కల్పిత సంఖ్యగాను వ్రాసి, రెండింటిని కలిపి సంకీర్ణ సంఖ్యగా భావించినచో, ఏకాంతర ప్రవాహపు లెక్క లన్నియు ఏకముఖ ప్రవాహపు లెక్కలవలెనే కూడికలు, హెచ్చవేతలుగా సాగిపోవునని ఆతడు నిరూపించెను. ఋణ సంఖ్యకు వర్గమూలమా అని లోకము చిరకాలము సంశయించిన ఆ కల్పిత సంఖ్య, ఇనుప స్తంభములమీద సాగు రాగితీగెలలోని యథార్థమును తెలుపు భాషయైనది. గణితము యొక్క మహిమను తలచుకొన్నప్పుడెల్ల నాకు ముందుగా గుర్తుకు వచ్చు ఘట్టము ఇదియే. స్టైన్‌మెట్జ్ 1923లో కన్నుమూసెను. వార్ అను ప్రమాణమునకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము అంగీకారము తెలిపినది ఆ తరువాత, 1930లో, రుమేనియా దేశస్థుడైన బుదేయాను సూచనమీద.

ఇంటిలో ఈ నిరోధ ప్రతిరోధముల భేదము మన కన్నులయెదుటనే యుండును, చూడనేర్చినచో. పూర్వము పంకాలకు పెద్ద నల్లని రెగ్యులేటరు పెట్టెలుండెడివి. అందు నిరోధపు తీగె యుండుటచేత పంకా వేగము తగ్గించినకొలది ఆ పెట్టె వేడెక్కెడిది, తగ్గిన శక్తిలో కొంత ఆ వేడిగా వృథాయయ్యెడిది. నేడు స్విచ్చుబోర్డులో ఇమిడిపోవు కెపాసిటరు రకపు రెగ్యులేటర్లు ప్రతిరోధముతో పంకాకు చేరు వోల్టేజిని తగ్గించును. కనుక అవి చల్లగానే యుండును. నలుబది వాట్ల ట్యూబులైటునకు చోకు పెట్టుటలోను ఇదే వివేకమున్నది. ట్యూబులో ప్రవాహము అదుపు తప్పకుండ ఏదో యొకటి అడ్డుపడవలెను. నిరోధము నుంచినచో అది ట్యూబంత శక్తిని తానే మ్రింగివేయును, చుట్ట నుంచినచో స్వల్పమైన వేడితో పని జరిగిపోవును. అయితే ఆ చోకు మూలముననే నలుబది వాట్ల దీపము లైనునుండి సుమారు వంద వోల్ట్ ఆంపియర్లు కోరెడిది. సీలింగు పంకాలోని రెండున్నర మైక్రోఫారడుల కండెన్సరు పని మాత్రము వేరు. అది రెండవ చుట్టలోని ప్రవాహమును ముందునకు జరిపి పంకాకు తిరుగు బలము నిచ్చునది. పంకా మెల్లగా తిరుగుచున్నప్పుడు కండెన్సరు మార్చుమని ఎలక్ట్రీషియను చెప్పుట అందువలననే.

ఇచ్చట పాఠకులను ఒక మోసమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. గోడలోని ప్లగ్గునకు గ్రుచ్చినంతనే కరెంటు బిల్లు సగమునకు తగ్గునని ప్రకటించి అమ్ముచున్న చిన్న పెట్టెలు కలవు. విప్పి చూచినచో అందు సామాన్యముగా ఉండునది చిన్న కెపాసిటరు, వెలిగెడి దీపపు చుక్క. ఇంటి మీటరు వోల్టేజితో కలిసి నడచు ప్రవాహమునే లెక్కించును, చేబదులును లెక్కింపదు. కనుక ఇంటియజమాని చెల్లించునది వాట్లకే. చేబదులునకు మనము చెల్లింపనే చెల్లింపనప్పుడు దానిని తగ్గించుటవలన బిల్లు ఎట్లు తగ్గును? ఆ పెట్టె కొన్న సొమ్ము పూర్తిగా నష్టమే. సామర్థ్య గుణకమను సత్యమైన శాస్త్రమునే ఈ విధముగా పేదవారి జేబు కొట్టుటకు వినియోగించుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

మరి మోటారు కొట్టములోని కండెన్సరు సత్యము, ప్లగ్గులోని పెట్టె అసత్యము ఎట్లగును? రెండును ఒకే జాతి వస్తువులు కావా? తేడా అంతయు ఎవరికి లాభము కలుగుచున్నది, ఎంత ప్రవాహము మీద కలుగుచున్నది అనుదానియందున్నది. అయిదు హార్సుపవరు మూడు ఫేజుల మోటారు చేయు పని 3.73 కిలోవాట్లు, దాని దక్షత నూటికి ఎనుబదియైనచో తీసికొనునది సుమారు 4.66 కిలోవాట్లు. సామర్థ్య గుణకము 0.75 అనుకొన్నచో లైనుపై పడు బరువు 6.2 కిలోవోల్ట్ ఆంపియర్లు, ప్రతి తీగెలోను ప్రవాహము 8.6 ఆంపియర్లు. ఆ మోటారునకు రెండు కిలోవార్ల కెపాసిటరు తగిలించినచో బరువు 5.1కి, ప్రవాహము 7.1 ఆంపియర్లకు దిగును, గుణకము 0.91కి ఎక్కును. వర్గనియమమును బట్టి ఆ మోటారు నిమిత్తమై ఎగువ తీగెలలో కలుగు నష్టము ఇంచుమించు మూడవవంతు తగ్గిపోవును. పొలముల నడుమ నిలిచియున్న 25 కిలోవోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు అట్టి మోటార్లు నాలుగింటితోనే నిండిపోవును. నాలుగింటికిని కెపాసిటర్లున్నచో దానికి అయిదవవంతు ఊపిరి మిగులును. బలహీనమైన పొడవాటి లైను చివర నున్న బావికి వోల్టేజి కొంత మెరుగుపడును. వోల్టేజి పడిపోయిన చోట మోటారు అదే పనికై హెచ్చు ప్రవాహము లాగుకొనును, లాగుకొన్నకొలది వోల్టేజి ఇంకను పడును, తుదకు చుట్ట కాలును. మోటారు రివైండింగు షాపులకు వేసవిలో క్షణము తీరిక లేకుండుటకు కారణములలో ఇదియు నొకటి.

కావలసినదానికంటె పెద్ద మోటారును బిగించుట వేరొక దోషము. నీరు లోతునకు దిగిపోవుచున్న ప్రాంతములలో భయముచేత అయిదు చాలినచోట ఏడున్నర బిగింతురు. మోటారు పని చేసినను చేయకున్నను దాని అయస్కాంత క్షేత్రము దానికి కావలెను. పని తగ్గినకొలది చేబదులు పాలు హెచ్చును, గుణకము దిగజారును. అన్నిటికంటె కఠినమైనది మొదలుపెట్టు క్షణము. నేరుగా స్టార్టు చేసిన మోటారు ఆ రెండు మూడు సెకనులు తన సహజ ప్రవాహమునకు అయిదారు రెట్లు లాగుకొనును. అందులో అధిక భాగము చేబదులే. కరెంటు వేళాపాళా లేక రాత్రులందు వచ్చిన కాలమున, చీకటిలో పాములకును తేళ్లకును వెరచి, రైతులు ఆటోస్టార్టర్లు అమర్చుకొనిరి. అది వారి తప్పని నేననజాలను. కాని ఫలితమేమనగా, సరఫరా వచ్చిన మరుక్షణమే ఆ లైనుమీద నున్న మోటార్లన్నియు ఒక్కుమ్మడిగా లేచి, ట్రాన్స్‌ఫార్మరుమీద మోయలేని బరువు పడెడిది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా మొదలైనపుడు అధికారులు ఆటోస్టార్టర్లు తొలగింపుడని ఊరూర చెప్పవలసివచ్చుటకు ఇదియే హేతువు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ఆ ఉచితమునకు తోడుగా కొన్ని నియమములు చేర్చిరి: తగిన కెపాసిటరు, ఘర్షణ తక్కువైన ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ గొట్టములు, ఐఎస్ఐ గుర్తుగల పంపుసెట్టు. నాలుగును శాస్త్రసమ్మతమైనవే. వానిలో మంచి ఫుట్‌వాల్వు వలన, నునుపైన గొట్టము వలన రైతునకు ప్రత్యక్షముగా నీరు హెచ్చును. కెపాసిటరు వలన మాత్రము బావియొద్ద కంటికి కనబడు మార్పేదియు కలుగదు. లాభము ఎగువకు పోవును: ప్రక్క చేనివానికి, ట్రాన్స్‌ఫార్మరునకు, పంపిణీ సంస్థకు. పాడైన కెపాసిటరును మార్చు ఖర్చు ఒకరిది, మార్చినందువలని మేలు పదిమందిది అయినపుడు, ఆ పదిమందిలో ప్రతివాడును ఎదుటివాడు మార్చిన చాలుననుకొనుట మానవ సహజము. పెద్ద పరిశ్రమల విషయము ఇట్లు లేదు. హెచ్.టి., అనగా అధిక వోల్టేజి, వినియోగదారులకు వాట్లతో కాక వోల్ట్ ఆంపియర్లతో, అనగా కర్ణముతోనే, బిల్లు వేయుచున్నారు. కనుక ప్రతి కర్మాగారములోను కెపాసిటర్లను తమంత తాము కలుపుచు విడదీయుచు నుండు ప్యానెళ్లు వెలసినవి. అచ్చట శాస్త్రము బిల్లు రూపమున ప్రతి నెలయు పాఠము చెప్పుచున్నది. బిల్లే లేని రైతునకు ఆ పాఠము చెప్పవలసినది మనుష్యులు.

ఎగువనున్న విద్యుత్ మహాజాలములో ఈ చేబదులు ఎంత ఘోరమును తేగలదో రెండు దుర్ఘటనల కథ చెప్పును. పొడవైన లైనులలో నిరోధముకంటె ప్రతిరోధము అనేక రెట్లు హెచ్చు. అందుచేత చేబదులును దూరము పంపబోయినచో దారిలో వోల్టేజి జారిపోవును. అది అవసరమైనచోటనే పుట్టవలెను. 1987 జులై 23న టోక్యో నగరమున ఎండ మండిపోవుచుండగా, మధ్యాహ్న భోజన విరామము ముగిసినంతనే ఎయిర్ కండిషనర్ల భారము వేగముగా పెరిగినది. వోల్టేజి తగ్గినకొలది ఆ యంత్రములు మరింత ప్రవాహమును లాగినవి. కెపాసిటరు అందించు సహాయము వోల్టేజి వర్గమును బట్టి యుండును గనుక, ఎక్కువ కావలసిన ఆ వేళకే అది తగ్గిపోయినది. సుమారు 28 లక్షల వినియోగదారులకు సరఫరా నిలిచెను. విద్యుదుత్పత్తి చాలక కాదు, వోల్టేజి నిలువక. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశములు చీకటిలో మునుగుటకు కారణము దీనికి విపరీతము: అచ్చట వోల్టేజి అదుపు తప్పి పెరిగినది, దానిని దించుటకు మిగులు చేబదులును పుచ్చుకొనగల ఏర్పాటు చాలలేదు, కేంద్రము వెంట కేంద్రము జాలమునుండి విడిపోయెను.

మన దేశపు జాలమునందును ఈ రెండు ప్రమాదములకు ఎదురుగా ఒక న్యాయమైన పద్ధతి కలదు. వోల్టేజి తన నిర్ణీత విలువలో నూటికి 97 వంతులకంటె దిగియున్న వేళ జాలమునుండి చేబదులును లాగుకొనిన రాష్ట్రము దానికి సొమ్ము చెల్లించును, ఇచ్చిన రాష్ట్రము పుచ్చుకొనును. 103 వంతులు దాటిన వేళ ఈ చెల్లింపు తలక్రిందులగును. తీసికొనుట ఒక వేళ దోషము, మరొక వేళ ఉపకారము. అర్ధరాత్రి భారము తగ్గినపుడు పొడవైన లైనులు తామే పెద్ద కెపాసిటర్లై వోల్టేజిని పెంచును గనుక, సబ్‌స్టేషన్లలో రియాక్టర్లను, అనగా మహా చుట్టలను, కలిపి ఆ మిగులును పీల్చింతురు. ఇప్పుడు కర్నూలు సీమలో 1000 మెగావాట్ల సౌరక్షేత్రము వంటివి లేచినవి. అచ్చటి ఇన్వర్టర్లు చేబదులు నిచ్చుటకును పుచ్చుకొనుటకును సమర్థములు కావలెనని, గుణకము రెండు వైపులను 0.95 వరకు నిలుపగలుగవలెనని నియమమున్నది. సూర్యుడు లేని రాత్రివేళ కూడ తగిన అమరికయున్న ఇన్వర్టరు ఈ సేవ చేయగలదు. దీనిని మనము ఇంకను బాగుగా ఉపయోగించుకొనవచ్చును.

పల్లెలలో పదకొండు వేల వోల్టుల లైనును బావుల సమీపమునకే తెచ్చి, మూడు నాలుగు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిలుపు పద్ధతిని మన రాష్ట్రములలో విస్తరింపజేసిరి. 415 వోల్టులకు బదులు 11,000 వోల్టుల వద్ద అదే శక్తికి ప్రవాహము ఇరువదియారవ వంతునకు దిగును గనుక నష్టము మిక్కిలి తగ్గును. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మరును తమదిగా భావించుకొన్న మూడు నాలుగు కుటుంబములే కెపాసిటరు విషయమును చెప్పుటకు సరియైన శ్రోతలని నేననుకొందును. లాభము నలుగురిలోనే మిగులును, నలుగురును ఒకరినొకరు ఎరుగుదురు. ఆ నలుగురికి ఉపన్యాసము వలదు. ప్రవాహమును కొలుచుటకు లైన్‌మన్ చేతిలోనుండు టంగ్ టెస్టరు చాలును. మోటారు నడుచుచుండగా కెపాసిటరు కలియు చోటునకు ఎగువనున్న తీగెకు దానిని తొడిగి మొదట కెపాసిటరు లేక, పిదప మోటారు నాపి కెపాసిటరు కలిపి మరల నడిపి, రెండుసార్లు సంఖ్యను బిగ్గరగా చదివించవలెను: ఎనిమిదిన్నర ఒకసారి, ఏడు ఒకసారి. తరువాత అదే టెస్టరును దిగువన, మోటారునకు పోవు తీగెకు తొడిగి, అచ్చట ఎనిమిదిన్నరయే నిలిచియున్నదనియు చూపవలెను. గొట్టమునుండి పడు నీరు మారలేదు, మోటారు ధ్వని మారలేదు, ఎగువ తీగెలో ఒకటిన్నర ఆంపియరు మాయమైనది. అది ఎచ్చటికి పోయినదని రైతే అడుగును, అడిగిన రైతునకు లైన్‌మన్ ఆ డబ్బాను చూపవచ్చును.